ష్విన్ టైఫూన్, 1966: పాత క్రూజర్ సైకిల్ మొదటిసారి బాగుచేసుకునేవాళ్లకు నా రివ్యూ

అమెరికాలో ఉంటున్న మన వాళ్లలో గ్యారేజీ ఉండి, వీకెండ్లు కాస్త ఖాళీగా దొరికి, చేత్తో ఏదైనా పని చేయాలని ఉన్నవాళ్లు నన్ను అడిగితే చెప్పే సైకిల్ పేరు ఒక్కటే. ష్విన్ కంపెనీ టైఫూన్, 26 అంగుళాల చక్రాలది, అదీ షికాగోలో తయారైన రోజులది. నా దగ్గరున్నది 1966ది. షికాగో శివార్లలో ఒక గ్యారేజీ సేల్‌లో వంద డాలర్లలోపే దొరికింది. రిమ్ముల మీద తుప్పు, ఎండి చీలికలు పడ్డ టైర్లు, బిగుసుకుపోయిన చైను, ఇదీ కొన్నప్పుడు దాని పరిస్థితి. ఇప్పుడు రోజూ సాయంత్రం దాని మీదే తిరుగుతున్నాను.

మామూలుగా పాత క్రూజర్ (లావు టైర్లు, వెడల్పు హ్యాండిల్ ఉన్న బరువు సైకిల్) అనగానే అందరికీ బ్లాక్ ఫాంటమ్ గుర్తొస్తుంది. 1949 నుంచి 1959 దాకా ష్విన్ అమ్మిన సైకిల్ అది. మోటార్‌సైకిల్‌కి ఉన్నట్టు ట్యాంకు, మెరిసే మడ్‌గార్డులు, ముందు ఫోర్కుకి స్ప్రింగు, నిజంగా అందమైన బండే, నాకూ ఇష్టమే. కానీ మొదటి ప్రాజెక్టుగా దాన్ని కొనొద్దు. పాత సైకిళ్లు సేకరించేవాళ్లు దాని వెంట పడటం వల్ల చిన్న లైటు మూత పోయినా అది వెతికి కొనేసరికి జేబు ఖాళీ అవుతుంది, అంతా పూర్తయ్యాక రోడ్డు మీద గీత పడుతుందేమోనన్న టెన్షన్‌తో దాన్ని తొక్కనే తొక్కరు. టైఫూన్‌కి ట్యాంకు లేదు, స్ప్రింగు ఫోర్కు లేదు, గేర్లు కూడా లేవు (రెండు గేర్లవీ మూడు గేర్లవీ కూడా వచ్చాయి, నేను చెప్పేది ఒంటి గేరు దాని గురించి). లేని భాగం పోయే భయం లేదు కదా. పైగా ఇవి లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, ఇప్పటికీ మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఏ పాత ఇంటి గ్యారేజీలోనైనా గోడకి వేలాడుతూ కనిపిస్తాయి.

కంపెనీ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే సైకిల్ అలా ఎందుకుందో దాంతోనే అర్థమవుతుంది. జర్మనీ నుంచి వచ్చిన ఇగ్నాజ్ ష్విన్, అడాల్ఫ్ ఆర్నాల్డ్‌తో కలిసి 1895లో షికాగోలో పెట్టిన కంపెనీ ఇది. మధ్యలో ఎక్సెల్సియర్ మోటార్‌సైకిళ్లు కూడా తయారు చేశారు, 1931లో ఆ వ్యాపారం ఆపేశారు. రెండేళ్లకి, 1933లో, ఇగ్నాజ్ కొడుకు ఫ్రాంక్ ష్విన్ బీ-10ఈ అనే మోడల్‌తో లావాటి బెలూన్ టైర్లు తెచ్చాడు. అప్పటిదాకా అమెరికా సైకిళ్లకి రిమ్ముకి అంటించే సన్నని టైర్లుండేవి, పంక్చరైతే పెద్ద తలనొప్పి. లోపల వేరే ట్యూబు ఉన్న ఆ లావు టైరు వచ్చాక ఆ దేశపు సైకిల్ రూపమే మారిపోయింది, మోటార్‌సైకిల్‌లా వంపు తిరిగిన ఫ్రేములు, వెడల్పు హ్యాండిళ్లు అన్నీ ఆ వరుసలోవే. 1950ల మధ్యకి టైరు కాస్త సన్నబడింది, ఆ రకాన్ని మిడిల్‌వెయిట్ అన్నారు, టైఫూన్ ఆ కోవలోది. కంపెనీ 1983లో షికాగో ఫ్యాక్టరీ మూసేసింది, 1992లో దివాలా తీసింది. ఇప్పుడు పెద్ద స్టోర్లలో అదే పేరుతో దొరికే సైకిళ్లకీ వీటికీ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు, అది గుర్తుపెట్టుకుని కొనండి.

కొనేటప్పుడు ఏం చూడాలి? తుప్పు చూసి భయపడకండి, పైపైన ఉన్నది దాదాపు అంతా వదులుతుంది. ముందుగా సీటు పైపు కదులుతుందో లేదో చూడండి. అది ఫ్రేములో తుప్పు పట్టి అతుక్కుపోతే తీయడం నరకం, దానికోసం బేరం సగానికి తగ్గించి అడగొచ్చు. తర్వాత పక్కనుంచి చూసి ముందు ఫోర్కు వెనక్కి వంగిందేమో గమనించండి, ఎవరో పిల్లాడు ఎప్పుడో చెట్టుకి గుద్దిన సైకిళ్లు ఇవన్నీ. స్టాండు వేసి తీసి చూడండి, ష్విన్ స్టాండు ఫ్రేముకి అతికించిన గొట్టంలో స్ప్రింగుతో పనిచేస్తుంది, గట్టిగా టక్కుమని పడాలి. నంబరు కూడా చదవండి. ఈ కాలం సైకిళ్లకి వెనక చక్రం బిగించే చోట ఎడమవైపు కొట్టి ఉంటుంది, 1970 ప్రాంతం నుంచి అది ముందు హ్యాండిల్ కింద గొట్టం మీదికి మారింది. 1965 నుంచి మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం, ఏ అంటే 65, బీ అంటే 66, అలా. నాది సీబీతో మొదలవుతుంది, అంటే 1966 మార్చిలో నంబరు కొట్టారన్నమాట (సైకిల్ బిగించింది అదే వారమనేం లేదు, కొట్టిన ఫ్రేములు కొన్నాళ్లు పక్కన ఉండేవి).

ఇక విప్పడం. ఈ సైకిల్ మీద నాకు గౌరవం పుట్టింది ఇక్కడే. రెండు మూడు పానాలు, ఒక పెద్ద అడ్జస్టబుల్ పానా, ఒక స్క్రూడ్రైవర్, ఒక సుత్తి, వీటితో మొత్తం సైకిల్ విప్పేయొచ్చు. ప్రత్యేకమైన పనిముట్టు ఒక్కటీ కొనలేదు. పెడళ్ల రాడ్డు ఒకే ఇనుప ముక్క, ఎడమ నుంచి కుడికి ఎస్ ఆకారంలో వంచిన ఒకే కడ్డీ, ఒహాయోలోని అష్టబ్యులా ఊరి పేరుతోనే దాన్ని పిలుస్తారు. మా నాన్న వీడియో కాల్‌లో అది చూసి "మరి పిన్ను ఎక్కడ్రా?" అని అడిగారు. మన హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లన్నీ ఇంగ్లిష్ పద్ధతివి, వాటికి రెండువైపులా రాడ్లని ఇరుసుకి పట్టి ఉంచే పిన్ను ఉంటుంది, అది అరిగితే పెడల్ కటకటలాడుతుంది, సుత్తితో కొట్టి తీయడం ఒక యుద్ధం. "లేదు నాన్నా, మొత్తం ఒకటే ముక్క" అని తీసి చూపిస్తే ఆయన కాసేపు అలాగే చూసి, "ఇది వాడేవాడి కోసం చేసిన పని" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఒక్క జాగ్రత్త ఏంటంటే ఎడమవైపు నట్టు, దాని వెనక బాల్సుని పట్టి ఉంచే కోను, ఎడమ పెడల్, మూడూ ఉల్టా తిరుగుతాయి, మామూలుగా బిగించే దిశలో తిప్పితేనే వదులవుతాయి. ఇది తెలియక బలం పెట్టి మరలు పాడుచేసిన సైకిళ్లు మార్కెట్లో చాలా కనిపిస్తాయి. కొత్త పెడళ్లు కొనేటప్పుడు కూడా అర అంగుళం మర ఉన్నవే అడగండి, ఇప్పటి సైకిళ్లకి వచ్చేవి 9/16 అంగుళం, అవి ఇందులో ఎక్కవు.

బాల్సు సంగతి మనవాళ్లకి కొత్తేమీ కాదు. ఊళ్లో సైకిల్ షాపులో ఓవరాయిలింగ్ చేసేటప్పుడు సత్తు పళ్లెంలో కిరసనాయిలు పోసి అందులో బాల్సు వేసి కడుగుతారు చూడండి, సరిగ్గా అదే పని. ఇక్కడ పెడళ్ల దగ్గర, హ్యాండిల్ దగ్గర బాల్సు విడివిడిగా ఉండవు, రేకు రింగులో వరుసగా అమర్చి ఉంటాయి, కింద పడి దొర్లిపోయే బెడద లేదు. రింగు ఏ ముఖం ఎటు ఉందో తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మళ్లీ పెట్టేటప్పుడు అదే దారి చూపిస్తుంది. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, గీకి, కడిగి, బాల్సు మీద గుంటలుంటే కొత్తవి వేయండి, చాలా చవక. కప్పులు, కోన్లు మాత్రం నా సైకిల్‌లో అద్దంలా ఉన్నాయి, ఇన్నేళ్ల తర్వాత కూడా. ఆ ఉక్కు నాణ్యత ఇప్పుడు ఈ ధరలో దొరికే కొత్త సైకిళ్లలో నాకెక్కడా కనిపించలేదు.

వెనక హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే గొట్టం) గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామంది అది విప్పడానికి భయపడి షాపుకిస్తారు, అక్కడేమో విప్పకుండానే ఆయిలు చుక్క వేసి ఇచ్చేస్తారు. ఇందులో బ్రేకు హ్యాండిల్ మీద ఉండదు. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. నాది బెండిక్స్ హబ్బు, గొట్టం మీద ఎర్ర గీతలుంటాయి. లోపల పెద్ద మరలాంటి భాగం ఒకటుంది. ముందుకి తొక్కితే దాని మీదున్న కోను కుడివైపుకి జరిగి హబ్బుని లోపలనుంచి పట్టుకుని చక్రాన్ని తిప్పుతుంది, తొక్కడం ఆపితే వదిలేస్తుంది, వెనక్కి తొక్కితే అదే కోను ఎడమవైపుకి జరిగి బ్రేకు షూల కిందకి దూరి వాటిని విచ్చుకునేలా చేస్తుంది, అవి హబ్బు లోపలి గోడకి ఒరుసుకుంటాయి. తోలడం, వదలడం, ఆపడం మూడూ ఒక్క మరతో! మొదటిసారి అది చేతిలో పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపి చూసినప్పుడు ఎంత తెలివైన పని అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇందులో ఇనుము ఇనుముకి ఒరుసుకుంటుంది కాబట్టి లోపల గ్రీజు తప్పనిసరి, వేడిని తట్టుకునే గ్రీజు దండిగా పెట్టండి. బ్రేకుకి గ్రీజు ఏంటని తుడిచేస్తే హబ్బు నాశనమవుతుంది. 1970లలో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు ఇలాంటి పాత ష్విన్ సైకిళ్లనే, ముఖ్యంగా ఎక్సెల్సియర్ అనే సైకిల్ మోడల్ ఫ్రేములని, కొండ మీదకి తీసుకెళ్లి కిందకి తోలేవారు. దిగేసరికి హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేది, మళ్లీ విప్పి గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది, 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి పోటీ పెట్టారు. ఇప్పటి మౌంటెన్ బైకులన్నీ అక్కడినుంచే మొదలయ్యాయి. అంటే మన గ్యారేజీలో పడున్న ఈ బరువు సైకిల్ వాటి పూర్వీకుల వంశంలోదే. బిగించేటప్పుడు హబ్బు నుంచి వచ్చే బ్రేకు పట్టీని ఫ్రేముకి గట్టిగా బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి. అది వదులైతే బ్రేకు వేసినప్పుడు ఆ పట్టీ తిరిగిపోయి చక్రం చువ్వల్లో పడుతుంది, మనిషి రోడ్డు మీద పడతాడు.

తుప్పుకి నేను వాడింది ఆక్సాలిక్ యాసిడ్, ఇక్కడ హార్డ్‌వేర్ షాపుల్లో చెక్కకి మరకలు పోగొట్టే పొడిగా అమ్ముతారు. మన చుక్కకూరకి ఆ పులుపునిచ్చేది ఇదే, కానీ ఈ పొడి విషం, చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు, పిల్లలు గ్యారేజీలో ఉండకూడదు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి కలిపి నట్లు, చైను చక్రం, స్టాండు లాంటివి నానబెడితే తుప్పు దానంతటదే కరుగుతుంది. అల్యూమినియం భాగాలు అందులో వేయకండి. తీశాక వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేదంటే గంటలోనే మళ్లీ తుప్పు పట్టడం కళ్లారా చూస్తారు. క్రోముకి ఇంకా తేలిక పద్ధతి ఉంది, వంటింట్లో అల్యూమినియం ఫాయిల్‌ని ఉండలా చుట్టి నీళ్లలో ముంచి రుద్దండి. ఫాయిల్ క్రోము కన్నా మెత్తన, గీతలు పడవు, తుప్పు మాత్రం వచ్చేస్తుంది. హ్యాండిల్ నల్లగా ఉన్నది కొత్త స్టీలు గ్లాసులా అయింది.

రంగు జోలికి మాత్రం వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. చాలామంది కొనగానే మొదట చేసే పని గీకేసి స్ప్రే కొట్టడం, చూస్తే బాధేస్తుంది. ష్విన్ రేడియంట్ రంగులు వెండి పూత మీద అద్దంలాంటి పల్చని రంగు వేసి చేసినవి, ఎండలో లోపలనుంచి వెలుగొచ్చినట్టుంటుంది, డబ్బా స్ప్రేతో అది రాదు. పైగా 1978కి ముందు అమెరికాలో ఇళ్లలో వాడే వస్తువుల రంగుల్లో సీసంపై నిషేధం లేదు, కాబట్టి అంత పాత రంగుని పొడిగా గీకి ఆ దుమ్ము ఇంట్లోకి తేవడం పిల్లలున్న ఇంట్లో అసలు చేయకూడని పని. సబ్బునీళ్లతో కడిగి, కారు రంగుకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ మెల్లగా పట్టించి, మైనం రాస్తే చాలు. నాదాని ఎరుపు అలాగే బయటికొచ్చింది, గీతలు ఉన్నాయి, ఉండనివ్వండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, టైర్లు. ఈ సైకిల్‌లో నాకు నచ్చని విషయం ఏదైనా ఉందంటే ఇదే. టైఫూన్ రిమ్ముల మీద ఎస్-7 అని ఉంటుంది, వాటికి కావాల్సినది 26 × 1 3/4 టైరు. షాపుల్లో ఎక్కడ చూసినా దొరికేది 26 × 1.75. లెక్క ప్రకారం రెండూ ఒకటే కదా అనిపిస్తుంది, చదువుకున్నవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు, కానీ భిన్నంలో రాసినదాని లోపలి కొలత 571 మిల్లీమీటర్లు, దశాంశంలో రాసినదానిది 559. పన్నెండు మిల్లీమీటర్ల తేడా, ఎంత లాగినా ఎక్కదు. మా దగ్గర్లోని ఒక పెద్ద షాపులో సైకిల్ చక్రం తీసుకెళ్లి చూపించినా 1.75 టైర్లే చేతిలో పెట్టి సరిపోతాయని చెప్పారు, తిరిగి తీసుకోవడానికి మళ్లీ సణుగుడు. కాబట్టి టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆ మూడంకెల కొలత చూసి మాత్రమే కొనండి, 571 ఉంటేనే. కెండా కంపెనీ ఎస్-7 కోసం ఇప్పటికీ టైర్లు చేస్తోంది, తెల్ల అంచువి కూడా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. ట్యూబు సాగుతుంది కాబట్టి 1.75ది పెట్టినా ఇబ్బంది లేదు. ఈ కొలతల గందరగోళం గురించి ఇంకా తెలుసుకోవాలంటే మసాచుసెట్స్‌లో సైకిల్ మెకానిక్‌గా పనిచేసిన షెల్డన్ బ్రౌన్ రాసిపెట్టిన పట్టికలు చూడండి. ఆయన 2008లో పోయారు, రాసినవి మాత్రం ఇప్పటికీ మెకానిక్‌లకి దిక్కు.

రిమ్ములు మాత్రం గొప్పవి. రెండు పొరల ఉక్కు, బెండు తీయాల్సిన అవసరం నాకు ముందు చక్రానికి కాస్త పడింది, వెనకది చక్కగా తిరుగుతోంది. చైను మామూలు ఒంటి గేరు చైనే, ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఇంకా పాత బెలూన్ టైరు సైకిళ్లలో కొన్నిటికి చైను చక్రం పళ్లు అంగుళం దూరంలో ఉంటాయి, దానికి సరిపడే చైను వెతకడం ఒక వ్రతం. టైఫూన్‌కి ఆ బాధ లేదు.

తొక్కుతుంటే ఎలా ఉంటుందంటే, బరువు. నలభై పౌండ్ల పైమాటే, అంటే 18 కిలోలకి తక్కువ కాదు. కదిలించడానికి కొంచెం ఓపిక కావాలి, కదిలాక మాత్రం ఆపబుద్ధి కాదు. షికాగో చుట్టుపక్కల నేల పళ్లెంలా చదును కాబట్టి ఒంటి గేరు చాలు. వెన్ను నిటారుగా, చేతులు వెడల్పుగా, సీటు కింద స్ప్రింగులు, రోడ్డు మీద గుంటలు తెలియవు. కొండలున్న ఊళ్లో ఉండేవాళ్లు మాత్రం ఆలోచించండి, ఎక్కడం ఒక కష్టం, దిగడం ఇంకో ప్రమాదం, ఎందుకంటే ఉన్నది వెనక బ్రేకు ఒక్కటే, చైను ఊడితే అదీ ఉండదు. పొడుగైనవాళ్లకి సీటు పైపు చాలదు, 13/16 అంగుళాల మందంలో పొడుగుది కొనుక్కోవాలి, ఇప్పటి సైకిళ్ల పైపు దీనికన్నా లావు, ఇందులో దూరదు.

ఖర్చు చూస్తే టైర్లు, ట్యూబులు, చైను, బాల్సు, గ్రీజు, సీటు అన్నీ కలిపి దాదాపు సైకిల్ కొన్నంత అయింది. క్రోము మళ్లీ పూత వేయించడం గురించి అడిగి చూశాను, ఒక్క మడ్‌గార్డుకి చెప్పిన ధరకి ఇంకో సైకిల్ వస్తుంది, వద్దనుకున్నాను. షికాగోలో ఉన్నవాళ్లు వెస్టర్న్ అవెన్యూలోని వర్కింగ్ బైక్స్‌కి ఒకసారి వెళ్లండి, పాత సైకిళ్లు దానంగా తీసుకుని బాగుచేసి ఇక్కడ అమ్ముతారు, ఆఫ్రికాకి, లాటిన్ అమెరికాకి పంపుతారు. మంచి పని చేస్తున్నారు, మీ ఇంట్లో తొక్కని సైకిల్ ఉంటే అక్కడికే ఇవ్వండి. అమ్మి లాభం చేసుకుందామనుకునేవాళ్లకి టైఫూన్ వద్దు, మిగలదు. తొక్కుదామనుకునేవాళ్లకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర టైర్ల కొలత వల్ల పోయింది.

ఇంకో మాట, ఇంట్లో ఆడవాళ్లు తొక్కాలన్నా, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యో పిన్నో సరదాపడినా, పై బారు లేని ఇదే సైకిల్‌ని హాలీవుడ్ అనే పేరుతో అమ్మేవారు. అదే హబ్బు, అదే పెడల్ రాడ్డు, అదే ఎస్-7 రిమ్ము. సేకరించేవాళ్లు దాన్ని పట్టించుకోరు కాబట్టి తరచుగా టైఫూన్ కన్నా తక్కువకే దొరుకుతుంది, ఎక్కువసార్లు తక్కువ తొక్కిన బండి కూడా. ఒకటి కనిపిస్తే సీటు పైపు కదిలించి చూసి తెచ్చేసుకోండి.